గోరుచుట్టుపై రోకటిపోటు: తాపము, నొప్పి, మెదడు

జ్వరము వచ్చినవారు ‘ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది’ అంటారు. చర్మముపై గాయము ఉండదు, ఎముక విరిగి ఉండదు, కండరము తెగి ఉండదు. అయినా దువ్వెన తగిలితే తల నొస్తుంది. దుప్పటి బరువనిపిస్తుంది. ఎవరైనా ఆప్యాయముగా భుజముపై చెయ్యి వేసినా ‘ముట్టుకోవద్దు’ అనాలనిపిస్తుంది. జ్వరము తగ్గిన తరువాత అదే దువ్వెన, అదే దుప్పటి, అదే చెయ్యి మామూలుగా తోస్తాయి. ఆ రెండు మూడు దినములు శరీరములో నొప్పిని తూచే త్రాసే మారిపోయింది.

మన పెద్దలు ‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అన్నారు. కష్టము మీద కష్టము వచ్చినపుడు వాడే సామెత ఇది. కాని దానిలో శరీరధర్మమును గురించిన చక్కని పరిశీలన కూడా ఉంది. రోకటిపోటు ఏ వేలికైనా బాధాకరమే. గోరుచుట్టు లేచిన వేలికి మాత్రము అది భరింపరానిది. దెబ్బ ఒక్కటే అయినా బాధ ఒక్కటి కాదు. ఆ తేడాను కలిగించేది తాపము.

ఈ విషయములో నాకొక స్థిరమైన అభిప్రాయము ఉంది. నొప్పితో వచ్చిన మనిషికి ఎక్స్‌రే, స్కాను, రక్తపరీక్షలు చేయించి, అవి బాగున్నాయి కనుక ‘మీకేమీ లేదు, అంతా మీ ఊహ’ అని పంపివేయడము శాస్త్రసమ్మతము కాదు. నొప్పి అన్నవారికల్లా నెలల తరబడి నొప్పిమాత్రలు ఇవ్వడము కూడా శాస్త్రసమ్మతము కాదు. ఈ రెండు పొరపాట్లకు మూలము ఒకటే. గాయము ఎంత ఉంటే నొప్పి అంత ఉంటుందని, గాయము కనిపించకపోతే నొప్పి ఉండదని మనము అనుకుంటాము. గత యాభై సంవత్సరముల పరిశోధనలు ఈ లెక్క తప్పని చూపించాయి.

తాపము అంటే ఏమిటి?

ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనేదానినే ఈ వ్యాసములో తాపము అంటున్నాను. దెబ్బ తగిలినపుడు, సూక్ష్మజీవులు చొరబడినపుడు, లేదా శరీరపు రక్షణవ్యవస్థ తన కణజాలమునే పరాయిదిగా భావించినపుడు జరిగే ప్రతిచర్య ఇది. రెండు వేల సంవత్సరముల క్రితము రోము దేశస్థుడు సెల్సస్ దీనికి నాలుగు లక్షణములు చెప్పాడు. అవి ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఆ భాగము పని చెయ్యలేకపోవడము అనే ఐదవ లక్షణమును తరువాతివారు చేర్చారు. ఈ ఐదింటినీ ఒక గోరుచుట్టులోనే చూడవచ్చును.

ఎరుపు, వేడి, వాపు ఎందుకు కలుగుతాయో సులభముగా అర్థమవుతుంది. రక్తనాళములు వ్యాకోచిస్తాయి, వాటి గోడలలోనుంచి ద్రవము బయటకు ఊరుతుంది, తెల్లకణములు అక్కడకు చేరుతాయి. నొప్పి విషయము అంత సులభము కాదు. వాపు వలన లోపల ఒత్తిడి పెరిగి నొప్పి కలుగుతుందని చాలామంది తలుస్తారు. అది కొంతవరకే నిజము. నొప్పిలో చాలా భాగము రసాయనముల పని.

నాడీకొనల వద్ద జరిగేది

మన చర్మములోను, కీళ్ళలోను, అవయవములలోను హానికరమైన ప్రేరణలను మాత్రమే పసిగట్టే నాడీకొనలు ఉన్నాయి. వీటిని నొప్పి గ్రాహకములు అనవచ్చును. మామూలు సమయములో తేలికపాటి స్పర్శకు, గోరువెచ్చదనమునకు ఇవి స్పందించవు. ప్రేరణ ఒక స్థాయిని దాటితేనే స్పందిస్తాయి.

తాపము కలిగిన చోట ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికినిన్, హిస్టమిన్, సైటోకైన్లు, నాడీవృద్ధి కారకము వంటి అనేక పదార్థములు విడుదలవుతాయి. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అరికట్టడము ద్వారా పని చేస్తుందని 1971లో జాన్ వేన్ కనుగొన్నాడు. 1982లో నోబెల్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ కాలములోనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు సెర్జియో ఫెరేరా ఒక ముఖ్యవిషయమును చూపాడు. ప్రోస్టాగ్లాండిన్లను కొద్ది మోతాదులో ఒంటరిగా చర్మములోనికి ఎక్కిస్తే చెప్పుకోదగ్గ నొప్పి కలుగలేదు. కాని అవి ఉన్నచోట బ్రాడికినిన్, హిస్టమిన్ కలిగించే నొప్పి ఎన్నో రెట్లు పెరిగింది. అంటే ప్రోస్టాగ్లాండిన్ల ప్రధానమైన పని నొప్పి గ్రాహకముల సున్నితత్వమును పెంచడము.

దీనికి మన వంటింటిలోనే ఒక ఉదాహరణ ఉంది. మిరపకాయ నాలుకకు మంట ఎందుకు పుట్టిస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందము కనిపెట్టింది. మిరపకాయలోని కాప్సైసిన్ నాడీకణముల పొరలో ఉన్న ట్రిప్‌వి1 అనే ద్వారమును తెరుస్తుంది. ఈ పరిశోధనలకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ద్వారము మిరపకాయ కోసము ఏర్పడినది కాదు. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. మెదడుకు ఆ మిరపమంటా, ఈ వేడిమంటా ఒకే దారిలో చేరుతాయి. తాపము కలిగిన చోట ఈ ద్వారము తెరుచుకునే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. అపుడు శరీరపు మామూలు వేడి కూడా ఆ ద్వారమును తెరవగలుగుతుంది. ఎర్రగా ఉబ్బిన వేలిని చన్నీటిలో పెడితే హాయిగా ఉండటానికి ఒక కారణము ఇదే.

కీళ్ళలోను, అవయవములలోను మామూలు రోజులలో దేనికీ పెద్దగా స్పందించని నాడీకొనలు కొన్ని ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని నిద్రాణ గ్రాహకములు అంటారు. తాపము వీటిని మేల్కొలుపుతుంది. అంతవరకు గడప దాటినా, మెట్టు ఎక్కినా తెలియని మోకాలు అప్పటినుంచి అడుగడుగునా తన ఉనికిని చాటుతుంది.

వెన్నుపాములో పెరిగే శబ్దము

నొప్పివార్త నాడుల ద్వారా వెన్నుపామును చేరుతుంది. వెన్నుపాము టెలిఫోను తీగ వలె వచ్చిన వార్తను వచ్చినట్లే పైకి పంపుతుందని చాలాకాలము అనుకున్నారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ జరిపిన పరిశోధన ఆ అభిప్రాయమును మార్చింది. గాయమునుంచి నొప్పివార్తలు ఎడతెగక వస్తూ ఉంటే వెన్నుపాములోని నాడీకణములే సున్నితమవుతాయి. చిన్న ప్రేరణకు పెద్దగా స్పందిస్తాయి. మామూలు స్పర్శను కూడా నొప్పిగా పైకి పంపుతాయి. గాయము లేని పరిసర ప్రాంతము కూడా నొప్పికి గురవుతుంది. దీనిని కేంద్రీయ సున్నితత్వము అనవచ్చును.

రేడియోలో శబ్దము పెంచే మీట ఎక్కువకు తిరిగి ఉంటే, స్టేషనువారు మెల్లగా మాట్లాడినా గది దద్దరిల్లుతుంది. వెన్నుపాములో జరిగేది ఇటువంటిదే. నాడీకణములకు తోడుగా ఉండే మైక్రోగ్లియా అనే రక్షణకణములు కూడా ఆ మీటను పెంచే పదార్థములను విడుదల చేయగలవు. సాధారణముగా గాయము మానిన తరువాత మీట తిరిగి తగ్గుతుంది. కొందరిలో అది తగ్గదు. గాయము మానినా వారిని నొప్పి విడువదు.

మెదడుకు చేరే వార్త

జ్వరములో నొప్పి ఒక్కచోట ఉండదు. ఒళ్ళంతా ఉంటుంది. దానితోపాటు ఆకలి మందగిస్తుంది, నిద్రమత్తు, నిరాసక్తత కలుగుతాయి, ఎవరితోను మాట్లాడబుద్ధి కాదు. శాస్త్రజ్ఞులు దీనిని రోగప్రవర్తన అంటారు. ఇది సోమరితనము కాదు. రోగముతో పోరాడే శరీరము శక్తిని పొదుపు చేసుకోవడానికి మెదడు అమలుపరచే క్రమబద్ధమైన ఏర్పాటు.

వేలిలోనో, గొంతులోనో, ఊపిరితిత్తులలోనో జరుగుతున్న పోరాటము మెదడుకు ఎలా తెలుస్తుంది? తెల్లకణములు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అనే సైటోకైన్లు ఆ వార్తను మోస్తాయి. వాటికి పలు దారులున్నాయి. రక్తమునకు, మెదడుకు మధ్య ఉన్న అడ్డుగోడ పలుచగా ఉండే ప్రాంతముల ద్వారా కొంత వార్త చేరుతుంది. మెదడు రక్తనాళముల లోపలి పొరకణములు కొంత వార్తను అందుకొని లోపల ప్రోస్టాగ్లాండిన్లను పుట్టిస్తాయి. ఛాతీనుంచి, ఉదరమునుంచి మెదడుకు వెళ్ళే వేగస్ నాడి మరికొంత వార్తను చేరుస్తుంది.

ఈ వార్త మెదడులో ఏమి చేస్తుందో తెలుసుకొనడానికి ఆరోగ్యవంతులైన స్వచ్ఛందసేవకులపై ప్రయోగములు జరిగాయి. సూక్ష్మజీవుల పొరనుంచి తీసిన ఎండోటాక్సిన్ అనే పదార్థమును వైద్యుల పర్యవేక్షణలో అతి స్వల్పమైన మోతాదులో వారికి ఎక్కించారు. కొన్ని గంటలపాటు వారిలో తాపప్రక్రియ నడిచింది. ఆ సమయములో కండరములను నొక్కితే కలిగే నొప్పికి వారి ఓర్పు తగ్గింది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు అదే సమయములో మెదడు స్కానులు కూడా తీశారు. నొప్పిని అణచడములో పాల్గొనే మెదడు ముందుభాగపు ప్రాంతములలో చైతన్యము తగ్గింది. శరీరపు లోపలి స్థితిని గ్రహించే ఇన్సులా అనే భాగములో చైతన్యము పెరిగింది. మెదడునుంచి వెన్నుపామునకు దిగి నొప్పివార్తలను అదుపు చేసే ఒక వ్యవస్థ మనలో సహజముగా ఉంది. తాపము ఒకవైపు నొప్పివార్తను పెంచుతూ, మరొకవైపు ఈ అదుపును సడలిస్తుందన్నమాట. ఆ బృందము పరిశీలనలలో ఈ మార్పు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. ‘ఆడవారికి ఓర్పు తక్కువ’ అని తేలికగా మాట్లాడేవారు ఈ విషయమును గుర్తుంచుకోవాలి. కొంతవరకు అది రక్షణవ్యవస్థకు, నాడీవ్యవస్థకు మధ్య గల సంబంధములోని తేడా.

దీనికి వ్యతిరేక దిశలో మరొక ఆధారము ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు 2011లో కీళ్ళవాతపు రోగులకు ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టరును అడ్డుకునే మందును ఎక్కించి మెదడు స్కానులు తీశారు. కీళ్ళు నొక్కినపుడు మెదడులో కనిపించే చైతన్యము 24 గంటలలోనే తగ్గింది. కీళ్ళవాపు, రక్తములోని తాపసూచికలు మాత్రము అప్పటికి తగ్గలేదు. పరిశీలించిన రోగులు కొద్దిమందే. అయినా దాని అర్థము గొప్పది. కీలు ఇంకా వాచి ఉండగానే నొప్పి తగ్గడము మొదలైంది. వాపు, నొప్పి ఒకే తాడుకు కట్టిన రెండు కడవలు కావు. ఒకటి దిగకుండానే మరొకటి దిగగలదు.

చికున్‌గున్యా చెప్పిన సాక్ష్యము

తెలుగువారికి ఈ విషయమును పుస్తకములకంటె బాగా నేర్పినది చికున్‌గున్యా. 2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లోను, ఇరుగుపొరుగు రాష్ట్రములలోను ఈ వ్యాధి విజృంభించింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ పేరు ఆఫ్రికాలోని మకొండే భాషది. నొప్పితో ఒంగిపోవడము అని దాని భావము. ఊరికి ఊరు మంచముపట్టిన ఆ కాలము చాలామందికి జ్ఞాపకము ఉంటుంది.

జ్వరము వారములోపు తగ్గింది. వైరసు రక్తమునుంచి తొలగిపోయింది. కీళ్ళనొప్పులు మాత్రము చాలామందిని వదలలేదు. అదే కాలములో ఈ వ్యాధి సోకిన రియూనియన్ ద్వీపములో జరిపిన పరిశీలనలో, సగానికి పైగా రోగులకు 15 నెలల తరువాత కూడా కీళ్ళబాధలు ఉన్నట్లు తేలింది. నొప్పులు వీడనివారి రక్తములో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉన్నట్లు ఆ తరువాత సింగపూరు పరిశోధకులు గమనించారు.

మన పల్లెలలో ఈ మనుషుల గతి ఏమైంది? నాట్లు వేసే చెయ్యి పిడికిలి బిగించలేకపోయింది. ఉదయము లేచి చెంబు పట్టుకోవడమే కష్టమైంది. కంటికి వాపు కనిపించని రోజులలో ‘జ్వరము తగ్గి ఆరు నెలలైంది, ఇంకా నొప్పులేమిటి?’ అన్న మాట ఇంటిలోను, పనిచోటను వినవలసి వచ్చింది. జ్వరము తగ్గినా తాపము పూర్తిగా చల్లారకపోవచ్చును. తాపము చల్లారినా నాడీవ్యవస్థలోని మీట తగ్గకపోవచ్చును. ఈ రెండు సంగతులు తెలిసి ఉంటే ఆ మాట అనేవారు కారు.

ఎక్స్‌రేలో కనిపించనిది

మోకాళ్ళ అరుగుదలను తీసుకుందాము. ఎక్స్‌రేలో కీలు బాగా అరిగిపోయినా పెద్దగా నొప్పి లేనివారున్నారు. ఎక్స్‌రేలో స్వల్పమైన మార్పులే ఉన్నా నడవలేనివారున్నారు. కీలును మార్చి కొత్త కీలును అమర్చిన తరువాత కూడా సుమారు ఐదుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతుంది. అరుగుదల ఒక్కటే కారణమైతే అరిగినది తీసివేసిన తరువాత నొప్పి ఉండకూడదు. కీలుపొరలోని తాపము, వెన్నుపాము సున్నితత్వము, మెదడులోని అదుపు, నిద్ర, మనఃస్థితి అన్నీ కలసి నొప్పిని నిర్ణయిస్తాయి. ఎక్స్‌రే వీటిలో ఏ ఒక్కదానిని చూపించదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. దీర్ఘకాలపు నొప్పులన్నిటికీ తాపమే కారణమనడము కూడా తప్పే. ఫైబ్రోమయాల్జియా ఉన్న చాలామందిలో రక్తములోని తాపసూచికలు మామూలుగానే ఉంటాయి. అటువంటి నొప్పులలో నాడీవ్యవస్థ నొప్పిని నడిపే తీరే మారి ఉంటుంది. ఇటీవలి సంవత్సరములలో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము ఇటువంటి నొప్పిని ప్రత్యేకమైన మూడవ తరగతిగా గుర్తించింది. 2020లో సవరించిన నిర్వచనపు వివరణలో, తనకు నొప్పి ఉన్నదని మనిషి చెప్పినపుడు ఆ మాటను గౌరవించాలని ఆ సంఘము స్పష్టము చేసింది. ఒక వైద్యశాస్త్ర నిర్వచనమునకు గౌరవము అనే మాట జోడించవలసి వచ్చిందంటే, అంతవరకు ఆ గౌరవము ఎంత కొరవడిందో ఊహించవచ్చును.

‘నొప్పిని మెదడు నిర్ణయిస్తుంది’ అనే మాటను ‘నొప్పి మనసులోనిదే’ అని అనువదించుకోవడము పెద్ద పొరపాటు. చూపును కూడా మెదడే నిర్ణయిస్తుంది. అంతమాత్రమున ఎదురుగా ఉన్న చెట్టు మన కల్పన కాదు. మెదడు శరీరములో ఒక అవయవము. దానిలో జరిగే మార్పు శారీరకమైన మార్పే.

మాత్రలతో వచ్చే చిక్కు

తాపము నొప్పిని పెంచుతుంది కనుక తాపమును అణచే మాత్రలు మ్రింగుతూ పోతే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. ఈ వాదనలో రెండు లోపములున్నాయి.

మొదటిది, తాపము స్వతహాగా శత్రువు కాదు. అది లేకపోతే గాయములు మానవు, సూక్ష్మజీవులు అదుపులో ఉండవు. అప్పుడే మొదలైన నడుమునొప్పి గలవారిని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, వారి సహచరులు గమనించి 2022లో ఒక ఆసక్తికరమైన ఫలితమును ప్రకటించారు. తొలిదినములలో తెల్లకణముల చైతన్యము గట్టిగా ఉన్నవారికి నొప్పి తగ్గిపోయింది. అది మందకొడిగా ఉన్నవారికి నొప్పి నిలిచిపోయింది. దీనినిబట్టి నొప్పిమాత్రలే వాడరాదని తీర్మానించలేము. అంతటి నిర్ధారణకు మరిన్ని పరీక్షలు కావాలి. తాపము సకాలములో రావడము, పని ముగించుకొని సకాలములో వెళ్ళడము రెండూ ముఖ్యమని మాత్రము గ్రహించవచ్చును. హాని చేసేది వెళ్ళకుండా నిలిచిపోయే తాపము.

రెండవది, మాత్రల వెల. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కొద్ది దినములు, తగిన మోతాదులో, తగినవారికి ఎంతో మేలు చేస్తాయి. నెలల తరబడి వాడితే జీర్ణాశయములో పుండ్లు, రక్తస్రావము, రక్తపుపోటు పెరగడము, గుండెపోటు ప్రమాదము, మూత్రపిండముల హాని కలుగవచ్చును. వృద్ధులు, మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారు, ఎండలో పనిచేసి చెమటతో నీరు కోల్పోయేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరముల ద్వారా రాబందులకు చేరి, వాటి మూత్రపిండములను చెరచి, ఆ పక్షిజాతినే దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యములో ఆ మందును నిషేధించవలసి వచ్చింది. మనిషి మూత్రపిండములు రాబందు మూత్రపిండములంత సున్నితమైనవి కావు. అయినా మందుల దుకాణములో చీటీ లేకుండా కొని, పప్పుబెల్లముల వలె తినదగిన మందులు ఇవి కావని ఆ రాబందులు మనకు చెప్పి పోయాయి.

వీటికంటె ప్రమాదకరమైనవి పేరు, వివరములు లేని పొట్లములు. ఒక్క పూటలో నొప్పులన్నీ మాయమయ్యాయంటే, ఆకలి విపరీతముగా పెరిగి ముఖము గుండ్రముగా ఉబ్బుతున్నదంటే, ఆ పొడిలో కార్టికోస్టీరాయిడు కలిసి ఉండవచ్చునని అనుమానించాలి. మధుమేహము, ఎముకల పెళుసుదనము, అంటువ్యాధులు వెనుకనే వస్తాయి. ఎక్కువకాలము వాడినవారు హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే. అందువలన వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే క్రమముగా తగ్గించుకోవాలి.

ఏమి చెయ్యాలి?

ముందుగా, చికిత్సకు లొంగే వ్యాధులను పట్టుకోవాలి. ఉదయము లేవగానే కీళ్ళు అరగంటకు మించి బిగుసుకొని ఉంటే, చేతివ్రేళ్ళ కణుపులు వాస్తే, అది కీళ్ళవాతము కావచ్చును. దానికి మంచి మందులున్నాయి. ఆలస్యము చేస్తే కీళ్ళు వంకరలుపోతాయి. నొప్పితోపాటు జ్వరము, బరువు తగ్గడము, కాళ్ళలో తిమ్మిరి లేక బలహీనత, మూత్రముపై అదుపు తప్పడము, రాత్రిపూట నిద్రలేపే నొప్పి ఉంటే వెంటనే వైద్యుని చూడాలి.

అటువంటివి లేవని తేలిన తరువాత అసలు పని మొదలవుతుంది. నిద్ర మొదటిది. నిద్ర చాలకపోతే తాపసూచికలు పెరుగుతాయి, మరునాడు నొప్పికి ఓర్పు తగ్గుతుంది. నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది. ఈ చక్రమును తెంచడానికి నొప్పివైపునుంచే కాక నిద్రవైపునుంచి కూడా ప్రయత్నించాలి.

శరీరపు బరువు రెండవది. ఉదరములో పేరుకొన్న కొవ్వు నిర్జీవమైన మూట కాదు. అది కూడా సైటోకైన్లను విడుదల చేస్తుంది. అమెరికాలో మోకాళ్ళ అరుగుదల ఉన్న 454 మంది స్థూలకాయులపై 18 నెలలు జరిపిన ఒక పరీక్షా ఫలితములు 2013లో వెలువడ్డాయి. ఆహారనియమము, వ్యాయామము రెండూ పాటించినవారికి ఒక్క వ్యాయామమే చేసినవారికంటె నొప్పి ఎక్కువగా తగ్గింది, రక్తములో ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ఎక్కువగా తగ్గింది. బరువు తగ్గితే కీలుపై మోపే భారము తగ్గుతుందని అందరికీ తెలుసు. రక్తములోని తాపము కూడా తగ్గుతుందన్నది అంతగా తెలియని సంగతి.

నడక మూడవది. నొప్పి ఉన్నపుడు కదలడము హాని చేస్తుందని భయపడతారు. సున్నితమైన నాడీవ్యవస్థ ఇచ్చే హెచ్చరికలన్నీ ప్రమాదసూచనలు కావు. పది నిమిషములతో మొదలుపెట్టి వారమువారము కొద్దిగా పెంచుకుంటూ పోతే చాలామందిలో ఓర్పు తిరిగి వస్తుంది. పొగత్రాగడము మానాలి. చిగుళ్ళ వ్యాధిని నిర్లక్ష్యము చేయరాదు, ఏండ్ల తరబడి నిలిచే తాపమునకు అదొక స్థానము. మధుమేహమును అదుపులో పెట్టుకోవాలి. కొందరికి వెన్నుపాము, మెదడులపై పని చేసే అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటి మందులు ఉపకరిస్తాయి. కుంగుదలకు కూడా వాడే మందులు కనుక, వాటిని ఇచ్చినపుడు ‘నన్ను పిచ్చివానిగా జమకట్టారు’ అని నొచ్చుకోనవసరము లేదు. నొప్పిని అదుపు చేసే నాడీమార్గములలోనే అవి పని చేస్తాయి.

తాపమును హరిస్తాయని అమ్మే గుళికల విషయములో తొందరపడవద్దు. కూరలో వేసుకునే పసుపు మంచిదే. అదే పసుపులోని కర్కుమిన్ జీర్ణాశయమునుంచి రక్తములోనికి అతి తక్కువగా చేరుతుంది. ఎక్కువగా చేరేటట్లు తయారుచేసిన గుళికల వలన కాలేయము దెబ్బతిన్న సందర్భములు నమోదయ్యాయి. వంటింటిలో ఉన్నంత మాత్రాన ఏ వస్తువైనా ఎంత మోతాదులోనైనా నిరపాయకరము కాదు.

ఇంటివారికి, వైద్యులకు

పై విషయములన్నీ తెలిసినా, నొప్పి అనుభవించే మనిషికి ఎదురయ్యే మొదటి పరీక్ష ల్యాబులో జరగదు, ఇంటిలోనే జరుగుతుంది. కోడలు నడుమునొప్పి అంటే పని తప్పించుకోవడమని, అత్తగారు మోకాళ్ళనొప్పి అంటే చాదస్తమని, కూలిమనిషి ఒళ్ళునొప్పులంటే సోమరితనమని తీర్పులు వెలువడతాయి. నమ్మనివారి మధ్య నొప్పిని భరించేవారికి నొప్పితోపాటు దానిని నిరూపించుకొనే భారము కూడా పడుతుంది. ఆ ఆందోళన వలన నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది. అవిశ్వాసము కూడా ఒక రోకటిపోటే.

వైద్యులకు సమయము తక్కువ అన్నది నిజమే. బయట వరుస ఉంటుంది. అయినా ‘రిపోర్టులలో ఏమీ లేదు’ అన్న మాటకు, ‘మీకేమీ లేదు’ అన్న మాటకు మధ్య ఎంతో దూరము ఉంది. ‘రిపోర్టులలో ప్రమాదకరమైన వ్యాధి కనిపించలేదు. అది సంతోషించదగిన విషయము. మీ నొప్పి మాత్రము నిజమే. నాడులు సున్నితము కావడము వలన కొందరికి ఇలా జరుగుతుంది. దీనిని తగ్గించుకొనే మార్గములున్నాయి’ అని చెప్పడానికి ఒక నిమిషము కూడా పట్టదు. ఆ నిమిషము దొరికిన రోగి నాలుగు ఊళ్ళు తిరిగి నాలుగు స్కానులు చేయించుకోడు. పేరులేని పొట్లములు అమ్మేవాని గడప తొక్కడు.

నొప్పి కొలిచే యంత్రము ఇంతవరకు రాలేదు. రోగి నోటిమాటయే ఇప్పటికీ మనకున్న ఉత్తమమైన కొలత. తాపము, మెదడులను గురించిన పరిశోధనలు ఆ మాటకు మరింత బలము చేకూర్చాయి. కనుక మీ ఇంటిలో ఎవరైనా నొప్పి అంటే ‘ఎక్కడ? ఎప్పటినుంచి? నిద్ర పడుతున్నదా?’ అని అడగండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబులను ఓపికగా వినడముతోనే చికిత్స మొదలవుతుంది.